విండోస్ 10కి అప్‌డేట్లు బంద్.. పాత సిస్టమ్‌కి ఏ లినక్స్ వేయాలి? ఏది నిలకడ, ఏది తేలిక?

కొయ్యూరు: ఇంట్లో ఐదారేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉందా? విండోస్ 10 మీదే నడుస్తోందా? అయితే ఇది మీ కోసమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని చెప్పింది. పోనీ విండోస్ 11కి మారదామంటే ప్రతి సిస్టమూ అర్హత సాధించదు. టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైది కావాలి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి.

అంటే బాగానే పనిచేస్తున్న మెషిన్లు కూడా చాలా వరకు పక్కకి పోవాల్సిందేనా? అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. కానీ అవి ఒకటి కాదు, వందల రకాలు. యూట్యూబ్‌లో ఒకరు ఇది బెస్ట్ అంటే, ఇంకొకరు అది బెస్ట్ అంటారు.

వాళ్లు చెప్పేదంతా ఎక్కువగా సిటీలో ఉన్నవాళ్ల లెక్క. అల్లూరి సీతారామరాజు జిల్లా కొయ్యూరు లాంటి మండలంలో లెక్క వేరు. మంపలోనో, రాజేంద్రపాలెంలోనో సిస్టమ్ ఆన్ కాకపోతే బాగుచేయించడానికి దాన్ని సంచిలో పెట్టుకుని నర్సీపట్నం బస్సెక్కాలి. ఒక రోజు పోయినట్టే. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కో, పరీక్ష ఫీజుకో అదే ఆఖరి రోజు అయితే పోయేది ఒక్క రోజు మాత్రమే కాదు. అందుకే ఇక్కడ ప్రశ్న "ఏది కొత్తది, ఏది అందంగా ఉంది" అని కాదు. "ఏది వేసుకుంటే నర్సీపట్నం ట్రిప్పులు తగ్గుతాయి" అని. ఆ లెక్కతోనే ఒక్కొక్కటీ చూద్దాం.

అసలు లినక్స్ అంటే ఏంటి?

ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్ పేరు లినక్స్. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కి, సాఫ్ట్‌వేర్‌కి మధ్య పనిచేసే అసలు భాగం. దానికి ముందే, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు టూల్స్ ఉన్నాయి. ఈ రెండింటికీ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ లాంటివి కలిపి ఒక ప్యాకేజీగా ఇస్తే దాన్నే డిస్ట్రిబ్యూషన్, ముద్దుగా డిస్ట్రో అంటారు. డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా ఇవన్నీ డిస్ట్రోలే. లోపల కెర్నల్ ఒకటే. దాన్ని ఎంత తరచుగా మారుస్తారు, ఎంత పరీక్షించి ఇస్తారు అన్నదే తేడా.

నిలకడ అంటే రెండు అర్థాలు

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతుంటారు. స్టేబుల్ అనగానే "హ్యాంగ్ అవ్వదు" అనుకుంటాం. లినక్స్ ప్రపంచంలో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. "మారదు" అని. డెబియన్ స్టేబుల్ అంటే, ఒకసారి విడుదలయ్యాక అందులోని సాఫ్ట్‌వేర్ వెర్షన్లు దాదాపుగా అలాగే ఉంటాయి. లోపాలు సరిచేస్తారు, సెక్యూరిటీ ప్యాచ్‌లు వేస్తారు. కొత్త ఫీచర్లు మాత్రం తర్వాతి విడుదలకే. బ్రౌజర్ లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంటుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం రోలింగ్ పద్ధతి. ఆర్చ్ లినక్స్ అలాంటిది. అందులో వెర్షన్ నంబర్ అంటూ ఉండదు. కొత్తది వచ్చినప్పుడల్లా అప్‌డేట్ వస్తూనే ఉంటుంది. రోజూ నెట్ ఉండి, ఏదైనా తేడా వస్తే సరిచేసుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఇది బాగుంటుంది. నెలకోసారి సిగ్నల్ బాగా ఉన్నప్పుడు అప్‌డేట్ చేసేవాళ్లకి మాత్రం కష్టం. అప్‌డేట్ చేసేముందు తమ సైట్‌లో వార్తలు చదువుకోమని ఆర్చ్ వాళ్లే చెబుతారు.

2024 మార్చిలో ఏం జరిగిందంటే..

నెమ్మదిగా మారేవి ఎందుకు మంచివో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్ దాదాపు అన్ని లినక్స్‌లలోనూ ఉంటుంది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన సిస్టమ్‌లో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నారు. 2024 మార్చి 29న బయటపెట్టారు.

అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కడికి చేరాయి? డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకి, ఫెడోరా ప్రయోగ వెర్షన్‌కి, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌కి, ఆర్చ్‌కి. ఆర్చ్‌లో ఆ ప్యాకేజీ చేరినా లాగిన్ దారి వేరుగా ఉండటంతో అది పనిచేసే పరిస్థితి లేదు. డెబియన్ స్టేబుల్‌కి, ఉబుంటు ఎల్‌టీఎస్‌కి, దాని మీద కట్టిన మింట్‌కి అసలు చేరనేలేదు. వాళ్లు తెలివిగా ముందే పట్టుకున్నారని కాదు. తొందరపడి తీసుకోలేదు, అంతే.

అలాగని డెబియన్‌లో తప్పులు జరగవా? జరిగాయి. 2006లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో డెబియన్ వాళ్లు చేసిన ఒక మార్పు వల్ల రహస్య కీలు బలహీనంగా తయారయ్యాయి. అది 2008 మేలో గానీ బయటపడలేదు. కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ డిస్ట్రోలో అయినా తప్పనిసరి.

డెబియన్: నిలకడలో ముందు

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టారు. దీని వెనుక కంపెనీ లేదు. ప్రపంచవ్యాప్తంగా వాలంటీర్లు నడుపుతారు. దాదాపు రెండేళ్లకోసారి కొత్త విడుదల ఉంటుంది. డెబియన్ 12 2023 జూన్‌లో, డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చాయి. మూడేళ్లు పూర్తి సపోర్ట్, ఆపై రెండేళ్లు పొడిగింపు. మొత్తం ఐదేళ్లు.

ఏజెన్సీ ఊళ్లకి పనికొచ్చే సంగతి ఒకటుంది. డెబియన్‌కి పెద్ద డీవీడీ ఫైల్ కూడా దొరుకుతుంది. సుమారు 4 జీబీ. ఒకసారి నెట్ బాగున్న చోట దించుకుంటే, డెస్క్‌టాప్‌తో సహా నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ చేయొచ్చు. చిన్న నెట్‌ఇన్‌స్ట్ ఫైల్ 1 జీబీ లోపే ఉంటుంది కానీ ఇన్‌స్టాల్ మధ్యలో నెట్ కావాలి. హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు ఆ పొరపాటు చేయొద్దు.

తేలికా అంటే, వేసేటప్పుడు కొంచెం కష్టమే. ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది. ఒక చిట్కా: రూట్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదిలేస్తే మీ మామూలు యూజర్‌కే అడ్మిన్ అధికారం వస్తుంది. కొత్తవాళ్లకి అదే సులువు. డెబియన్ 12 నుంచి వైఫైకి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది కాబట్టి పాత తలనొప్పి చాలా వరకు తగ్గింది. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకి మాత్రం ఇప్పటికీ డ్రైవర్ విడిగా వేసుకోవాలి.

లినక్స్ మింట్: తేలికలో ముందు

2006లో మొదలైంది. ఉబుంటు ఎల్‌టీఎస్ మీద కడతారు. కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, అచ్చం పాత విండోస్ లాగే ఉంటుంది. విండోస్ అలవాటైనవాళ్లకి ఒక పూటలో చేయి తిరుగుతుంది. లిబ్రే ఆఫీస్, బ్రౌజర్, వీడియో ప్లేయర్ అన్నీ వేసిన వెంటనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర ఒక టిక్ పెడితే పాటలు, సినిమాలు ఇబ్బంది లేకుండా ప్లే అవుతాయి. అప్పుడు నెట్ ఉండాలి.

2024లో వచ్చిన మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు సపోర్ట్ ఉంది. కనీసం 2 జీబీ ర్యామ్ అంటారు గానీ 4 జీబీ ఉంటేనే సుఖం. సినమన్, మేట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాల డెస్క్‌టాప్‌లు. ర్యామ్ తక్కువ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. ఫైల్ సైజు సుమారు 3 జీబీ.

మింట్‌లో అసలు బలం టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ ఫైళ్లకి ఫొటో తీసినట్టు స్నాప్‌షాట్ తీసి పెడుతుంది. ఏదైనా అప్‌డేట్ వికటిస్తే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్లొచ్చు. డెస్క్‌టాప్ రాకపోయినా, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వెనక్కి మళ్లించొచ్చు. చాలా నర్సీపట్నం ట్రిప్పులు ఇక్కడే తప్పుతాయి. అయితే వేసిన రోజే టైమ్‌షిఫ్ట్ సెట్ చేసుకోవాలి. ఇంకో సంగతి, ఇది మామూలుగా మీ ఫొటోలు, డాక్యుమెంట్లు దాచదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

ఉబుంటు: సాయం ఎక్కువ దొరికేది

2004 అక్టోబర్‌లో మొదటి విడుదల. వెనుక కెనానికల్ అనే కంపెనీ ఉంది. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వస్తుంది. ఐదేళ్ల సపోర్ట్. ఉబుంటు ప్రో తీసుకుంటే పదేళ్లు. సొంత వాడకానికి ఐదు మెషిన్ల వరకు అది ఉచితం. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చే వెర్షన్లకి మాత్రం తొమ్మిది నెలలే సపోర్ట్. కాబట్టి పేరులో ఎల్‌టీఎస్ ఉందో లేదో చూసి దించండి.

24.04 ఎల్‌టీఎస్‌కి 4 జీబీ ర్యామ్, 25 జీబీ స్థలం కావాలి. ఫైల్ సైజు సుమారు 6 జీబీ. మొబైల్ డేటాతో దించేవాళ్లకి ఇది భారమే. దీంట్లో బ్రౌజర్ లాంటివి స్నాప్ పద్ధతిలో వస్తాయి. అవి రోజుకి నాలుగు సార్లు కొత్త వెర్షన్ ఉందేమో చూసి వాటంతట అవే దించుకుంటాయి. హాట్‌స్పాట్ వాడేవాళ్లు వైఫై సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా పెట్టుకోవాలి. స్నాప్ అప్‌డేట్లను అలాంటి కనెక్షన్‌లో ఆపే సెట్టింగ్ కూడా ఉంది. లేకపోతే రోజుకి ఇచ్చే డేటా పొద్దున్నే అయిపోవచ్చు.

ఫెడోరా, ఆర్చ్: ఎవరికి?

ఫెడోరా మంచి డిస్ట్రో. కొత్త ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్‌ని త్వరగా గుర్తుపడుతుంది. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్, ఒక్కోదానికి సుమారు 13 నెలలే సపోర్ట్. అంటే ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. ఇంజినీరింగ్ విద్యార్థులు, కోడింగ్ నేర్చుకునేవాళ్లు వాడొచ్చు. ఆర్చ్ సంగతి పైన చెప్పుకున్నాం. నేర్చుకోవడానికి మంచిది. ఇంట్లో అందరూ వాడే ఒకే ఒక్క సిస్టమ్ మీద మాత్రం వద్దు.

బాస్, స్వేచ్ఛ, కేరళ అనుభవం

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. కేంద్ర సంస్థ సీ-డాక్ డెబియన్ ఆధారంగా తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది. తెలుగుతో పాటు పలు భారతీయ భాషలకి సపోర్ట్ ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ మెనూలు తెలుగులో ఉండేలా లినక్స్‌ని మలిచింది. విద్యార్థులు, వాలంటీర్లు కలిసి చేసిన పని అది. పిల్లల కోసం బాలస్వేచ్ఛ అని కూడా తెచ్చారు.

కేరళలో అయితే సర్కారు బళ్లే లినక్స్ మీద నడుస్తున్నాయి. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటు మీద కట్టిన సొంత డిస్ట్రోని పాఠశాలలకి ఇస్తోంది. టీచర్లకి ట్రైనింగ్ కూడా ఇస్తుంది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. తేలిక అనేది సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉండదు. పక్కింట్లో, పక్క బడిలో అదే వాడేవాళ్లు ఉంటే ఏదైనా తేలికే. అందుకే ఊళ్లో ఇప్పటికే ఒకరు మింట్ వాడుతుంటే మీరూ అదే వేసుకోండి. ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన దానికంటే అది మేలు.

తెలుగు టైపింగ్ సంగతేంటి?

బాగానే ఉంది. పై డిస్ట్రోలన్నింటిలో యూనికోడ్ తెలుగు చదవొచ్చు, రాయొచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించాలంటే ఐబస్ అనే టూల్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ కలుపుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్ పద్ధతులు ఉంటాయి. లోహిత్, నోటో ఫాంట్లతో పాటు పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి.

అసలు చిక్కు అను ఫాంట్లతో. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పనిచేసేవాళ్లకి లినక్స్‌లో ఆ దారి లేదు. అవి విండోస్ కోసం చేసినవి. అనులో కొట్టిన పాత ఫైళ్లు లినక్స్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

కరెంట్ పోతే ఏమవుతుంది?

గాలివాన వస్తే కరెంట్ ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లకి ఇది ముఖ్యం. డెబియన్, ఉబుంటు, మింట్ మామూలుగా ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ వాడతాయి. ఇది చేయబోయే మార్పుల్ని ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంట్ పోయినా, మళ్లీ ఆన్ చేయగానే ఆ చిట్టా చూసి డిస్క్‌ని సరిచేసుకుంటుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది.

కానీ సేవ్ చేయని లెటర్ మాత్రం తిరిగి రాదు. అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే ఏ సిస్టమైనా ఇబ్బంది పెడుతుంది. బ్యాటరీ చచ్చిపోయి కేవలం చార్జర్ మీద నడిచే ల్యాప్‌టాప్‌కి ఈ రిస్క్ ఎక్కువ. యూపీఎస్ గానీ, ఇన్వర్టర్ గానీ లేనివాళ్లు వాన వాతావరణంలో అప్‌డేట్ జోలికి పోవద్దు.

ఇవి పనిచేయవు.. ముందే తెలుసుకోండి

టాలీ, ఫొటోషాప్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు లినక్స్ కోసం రావు. ఆఫీస్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటాయి కానీ టేబుళ్లు, ఫాంట్లు అక్కడక్కడా జరుగుతాయి. ఆధార్ వేలిముద్ర పరికరాలకి కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌లకే వస్తుంది. అందుకే నెట్ సెంటర్, కస్టమర్ సర్వీస్ పాయింట్ నడిపేవాళ్లు వేలిముద్ర పెట్టే సిస్టమ్‌ని మార్చొద్దు. అప్లికేషన్లు నింపే రెండో సిస్టమ్ ఉంటే దానికి లినక్స్ వేసుకోవచ్చు.

ప్రింటర్ కూడా చూసుకోవాలి. హెచ్‌పీ మోడళ్లు ఎక్కువ భాగం సులువుగా కలుస్తాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి వాటికి డ్రైవర్ విడిగా వేయాలి, సెటప్ కొంచెం కష్టం.

మరీ పాత 32 బిట్ మెషిన్ అయితే? ఉబుంటు చాలాకాలం క్రితమే ఆపేసింది. డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి వాటిపై డబ్బు, సమయం పెట్టకపోవడమే మంచిది. 64 బిట్ ఉండి, హార్డ్ డిస్క్ వల్ల స్లో అయితే మాత్రం ఎస్‌ఎస్‌డీ వేయించండి. తేడా కళ్లకి కనిపిస్తుంది.

వేసే ముందు ఈ ఆరు చూసుకోండి

1. ఫొటోలు, సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్‌లు వేరే డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. కాపీ చేసినవి తెరిచి చూసుకోండి.

2. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. రెండూ ఉంచుకునేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయాలి.

3. ఫైల్‌ని డిస్ట్రో సొంత సైట్ నుంచే దించండి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్ హ్యాక్ అయ్యి, కొందరికి దొంగదారి పెట్టిన ఫైల్ చేరింది. అందుకే సైట్‌లో ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ256 అంకెతో సరిపోల్చుకోవాలి.

4. రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, జాగ్రత్త.

5. వెంటనే ఇన్‌స్టాల్ చేయొద్దు. మింట్, ఉబుంటుల్లో పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. డెబియన్‌కి లైవ్ ఫైల్ వేరుగా దొరుకుతుంది. వైఫై, సౌండ్, ప్రింటర్, మూత మూసి తెరిస్తే లేస్తోందా, హాట్‌స్పాట్ కలుస్తోందా అన్నీ ఒక అరగంట చూడండి.

6. ఆ పెన్‌డ్రైవ్‌ని చెరిపేయకుండా దాచుకోండి. రేపు సిస్టమ్ ఆన్ కాకపోతే ఫైళ్లు బయటికి తీయడానికి అదే పనికొస్తుంది.

మరి ఎవరికి ఏది?

డిగ్రీ విద్యార్థి, ఇంట్లో అందరూ వాడే ఒక్క ల్యాప్‌టాప్: లినక్స్ మింట్. ర్యామ్ 4 జీబీ లోపు అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ.

బడి ల్యాబ్, లైబ్రరీ, ఏళ్ల తరబడి ఒకేలా ఉండాల్సిన చోటు: డెబియన్ స్టేబుల్. వేసేది తెలిసినవాళ్లు వేయాలి. ఆ తర్వాత పెద్దగా ముట్టుకోవాల్సిన పని ఉండదు.

కోర్సులు, ఆన్‌లైన్ పాఠాలు ఉబుంటు మీద చెబుతుంటే: ఉబుంటు ఎల్‌టీఎస్. డేటా సెట్టింగ్ మర్చిపోవద్దు.

కొత్త హార్డ్‌వేర్, కోడింగ్ మీద ఆసక్తి: ఫెడోరా.

వేలిముద్ర, టాలీ, అను మీద బతుకుతెరువు ఉన్నవాళ్లు: ఇప్పటికైతే ఆ సిస్టమ్‌ని విండోస్‌లోనే ఉంచండి.

ఇంకో మాట. రెండేళ్లు నిలిచే డిస్ట్రో ఒకటి ఎంచుకున్నాక వారానికోసారి మార్చేయొద్దు. ఇన్‌స్టాల్ చేసిన రోజే టైమ్‌షిఫ్ట్ సెట్ చేసి, ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, సపోర్ట్ ఏ ఏడాది వరకు అన్నది ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ కింద అంటించండి. నర్సీపట్నం వెళ్లక తప్పని రోజు వస్తే, షాపులో కూర్చున్న కుర్రాడికి ఆ చీటీ చూపిస్తే సగం పని అక్కడే అయిపోతుంది.